పీడన రహిత జిల్లాలో నా కన్ను

జిల్లాలో ఏ పౌరుడి కంట్లోనూ పీడనం ఇరవై ఒకటి దాటరాదని ఉత్తర్వు వచ్చిన నాటికి, నా రెండు కళ్ళూ పన్నెండు దగ్గర బుద్ధిగా ఉన్నాయి. ఉత్తర్వు రాకముందే దాన్ని పాటిస్తున్న కళ్ళన్నమాట. ఆ కళ్ళతో నాకు పక్కనున్న మనిషి కనపడడం లేదన్నది వేరే విషయం. ఆ వేరే విషయం ఏ కిటికీ దగ్గర చెప్పుకోవాలో మా ఆసుపత్రిలో ఎక్కడా రాసిపెట్టి లేదు.

నా పేరు సంగాడి కామేశు. గోదావరి మీద పంటు నడిపే సరంగుని. ఇటు రేవు నుంచి అటు లంకకి మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, కొబ్బరికాయల్నీ, ముహూర్తం దాటిపోతోందని అరిచే పెళ్ళివారినీ దాటించడం నా పని. పోయిన వేసవిలో ఎడమ పక్క నుంచి ఒక ఇసుక పడవ వచ్చి పంటుని రాసుకుంటూ పోయింది. జనమంతా కేకలు పెట్టారు. నాకు మాత్రం ఆ పడవవాడి తిట్లు వినపడ్డాక గానీ పడవ ఏ వైపు నుంచి వచ్చిందో తెలియలేదు. రెండు వందల ప్రాణాలు నా చేతిలో ఉన్నాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే చుక్కాని రెండో సరంగుకి అప్పగించి, మా ఆవిడ నూకరత్నాన్ని వెంటబెట్టుకుని కళ్ళాసుపత్రికి వెళ్ళాను.

మా ఊరి కళ్ళాసుపత్రికి అప్పుడే కొత్త పేరు పెట్టారు. ‘ప్రాంతీయ నేత్రపీడన నిర్మూలన కేంద్రం’ అని. బోర్డు మరీ పెద్దదైపోయి గుమ్మం సగం మూసుకుపోవడంతో, రోగులందరూ నడుం వంచి లోపలికి వెళ్ళాల్సి వచ్చేది. తల కిందికి వంచితే కంట్లో పీడనం పెరుగుతుందని తర్వాత ఎవరో కనిపెట్టారు. బోర్డు తియ్యడానికి పై అధికారుల అనుమతి కావాలి గనక, గుమ్మం పక్కన గోడకి కన్నం కొట్టి దారి చేశారు.

లోపల డాక్టర్ ప్రిస్కిల్ల అని, కొత్తగా ఉద్యోగంలో చేరినావిడ, నన్నొక తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి మొహం పెట్టించి, వెలుతురు చుక్క కనపడినప్పుడల్లా బటను నొక్కమంది. నేను శ్రద్ధగానే చూస్తున్నాను. కొంతసేపయ్యాక నిద్రపోయాననుకుని ఆవిడ నా భుజం తట్టింది.

“బాబాయ్ గారూ, నొక్కడం లేదేం?”

“చుక్కలేం రావట్లేదండి. మిషను ఆగిపోయిందేమో చూడండమ్మా.”

ఆవిడ మిషను వంక చూడలేదు. నా వంక చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“మీది నీటికాసుల జబ్బు. గ్లకోమా అంటాం. చాలామందికి కంట్లో ఒత్తిడి పెరిగి కంటి నరం చచ్చిపోతుంది. మీకు ఒత్తిడి మామూలే, పన్నెండు. కానీ ఆ నరానికి రక్తం చాలినంత అందటం లేదు.”

“అదేటండీ బాబూ! ఒత్తిడి లేకుండా ఒత్తిడి జబ్బేటండీ?”

“మీకు పొలం ఉందా?”

“మా మావగారికి కాలవ శివార్న ఎకరం ఉండేదండి. నీళ్ళందక అమ్మేసేరు,” అంది నూకరత్నం.

“అదేనమ్మా. గట్టుమీద బరువు మామూలుగానే ఉన్నా, కాలవలో జోరు తగ్గితే ముందు ఎండేది శివారు చేనే. ఈయన కంటి నరం శివారు చేను. బీపీ మాత్ర ఎప్పుడేసుకుంటారు?”

“రాత్రి పడుకునేముందండి. మర్చిపోకుండా నేనే ఇత్తాను,” అంది మా ఆవిడ గర్వంగా.

“నిద్రలో బీపీ ఎటూ తగ్గుతుంది. పైన ఈ మాత్ర ఒకటి. రాత్రంతా కాలవ కట్టేసినట్టే. మీ బీపీ డాక్టరు గారితో నేను మాట్లాడి పొద్దుటికి మారుస్తాను. దాంతోపాటు కంట్లో చుక్కలు వెయ్యాలి. ఒత్తిడి పన్నెండు నుంచి ఇంకా కిందికి దింపితే, ఉన్న కాస్త రక్తమైనా సుఖంగా పారుతుంది. పోయిన చూపు రాదు బాబాయ్ గారూ. ఉన్నది నిలబెట్టుకుందాం.”

ఇంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. భయం వేసింది గానీ, దారి దొరికిందని ధైర్యం కూడా వచ్చింది. ఆవిడ కంప్యూటర్లో నా పేరు కొట్టి, మందు పేరు కొట్టింది. చీటీ రాలేదు. మళ్ళీ కొట్టింది. ‘అభినందనలు’ అని ఒక్క మాట వచ్చింది, పక్కన నవ్వుతున్న కన్ను బొమ్మతో.

కొత్త పద్ధతి అది. పీడనం కొలిచే మిషను నంబరుని నేరుగా కంప్యూటరుకి చెబుతుంది. ఇరవై ఒకటి దాటితే మందు. దాటకపోతే అభినందన. మధ్యలో డాక్టరు అభిప్రాయం దూరడానికి సందు లేదు. బయట కొనుక్కోవచ్చు కదా అంటారు మీరు. బతికినన్నాళ్ళూ వేసుకోవాల్సిన చుక్కలవి. చుక్కాని వదిలేసిన సరంగుకి అందే బేరం కాదు. డాక్టరమ్మ చేతి చీటీ రాస్తానన్నా, చేతిరాత చీటీలు మందుల కిటికీ దగ్గర చెల్లవని మరో ఉత్తర్వు ఉంది. రోగం పట్టిన కళ్ళనిపించుకోవడానికి నా కళ్ళకి అర్హత లేదన్నమాట.

మర్నాడు సూపరింటెండెంటు గారిని కలిశాం. డాక్టర్ చక్రవర్తుల గోవర్ధనం గారు. ఆయన గదిలో గాంధీ గారి పటం పక్కనే ఒక గ్రాఫు వేలాడుతోంది. ఆయన మా మీద కన్నా గ్రాఫు మీదే ఎక్కువ చూపు పెట్టారు.

“సార్, ఈయనకి పీడనం మామూలే. రక్తప్రసరణ లోపం వల్ల చూపు పోతోంది,” అంది డాక్టరమ్మ.

“డాక్టర్ ప్రిస్కిల్లా, రక్తప్రసరణ అనునది ప్రస్తుత సంవత్సరపు లక్ష్యములలో పొందుపరచబడలేదు. వచ్చే ఆర్థిక సంవత్సరమున దానిని ప్రవహింపజేయు విషయం పరిశీలనలో ఉన్నది.”

“అప్పటిదాకా నా కళ్ళు ఉండవంట కదండీ,” అన్నాను.

ఆయన మొదటిసారి నా వైపు తిరిగారు. “మీ పీడనమెంత?”

“పన్నెండండి.”

“ఏదీ, మళ్ళీ చెప్పండి.”

“పన్నెండండి.”

సూపరింటెండెంటు గారు కుర్చీలోంచి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. సంతానం లేని జమీందారుకి దత్తపుత్రుడు దొరికినట్టు ఉంది ఆయన మొహం. అప్పటికి నాకు తెలియదు గానీ, ఆ వారమే ఆసుపత్రి గేటు మీద ఎర్ర దీపాల పలక పెట్టారు. లోపల కొలిచిన కళ్ళన్నిటి సగటు పీడనం అందులో వెలుగుతూ ఉంటుంది. రాష్ట్ర సంచాలకుల వారి తనిఖీ నాటికి సగటు పదిహేను లోపు ఉండాలి. పలక మీద ఇరవై ఏడు వెలుగుతోంది. సిబ్బంది సమావేశంలో సూపరింటెండెంటు గారు గద్గద స్వరంతో ఇలా అన్నారట: “కళ్ళు బాగులేనివారే కళ్ళాసుపత్రికి వస్తున్నారు. ఈ ధోరణి మన సగటును తీవ్రముగా దెబ్బతీస్తున్నది.”

ధోరణిని అరికట్టడానికి చర్యలు మొదలయ్యాయి. గేటు దగ్గర చేతి మిషనుతో ఇద్దరు ఉద్యోగులు కూర్చున్నారు. పీడనం ఎక్కువున్నవాళ్ళని, “ముందు తగ్గించుకుని రండి, తర్వాత చూస్తాం” అని వెనక్కి పంపేవాళ్ళు. బిగుతు కాలరు మంచిది కాదని ఎక్కడో చదివి, చొక్కా పై గుండీ పెట్టుకున్న ప్రతివాడి గుండీ కత్తిరించారు. వసారాలో వేణువు రికార్డు పెట్టారు. రోగులకి కోపం వస్తే పీడనం పెరుగుతుందేమోనన్న అనుమానంతో ఫిర్యాదుల పెట్టె తీసేశారు. పెట్టె ఏదని అడిగిన వాళ్ళని చల్లటి గదిలో కూర్చోబెట్టి విసనకర్రతో విసిరారు. ఇన్ని చేసినా పలక ఇరవై నాలుగు దగ్గర మొరాయించింది.

అప్పుడు సూపరింటెండెంటు గారికి నేను గుర్తొచ్చాను. రోజూ పొద్దున్నే జీపు మా ఇంటి ముందు ఆగేది. నన్ను ఎక్కించుకుని తీసుకుపోయి, మిషను ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించి కంట్లో గాలి కొట్టేవారు. పన్నెండు. మళ్ళీ కొట్టేవారు. పన్నెండు. టీ ఇచ్చి మళ్ళీ కొట్టేవారు. పాలల్లో నీళ్ళు కలిపినట్టు జిల్లా పీడనంలో నన్ను కలపడం మొదలెట్టారు. వారం తిరిగేసరికి పలక పద్దెనిమిదికి దిగింది. గాలి కొట్టే ఉద్యోగికి చెయ్యి నొప్పి పుట్టి సెలవు పెడితే, ఆయన స్థానంలో ఇద్దరిని వేశారు.

జిల్లా మొత్తం కళ్ళకి నేనొక్కణ్ణి సరిపోతున్నాను. నా కళ్ళకి మాత్రం ఒక్క చుక్క మందు దొరకలేదు.

మందు దొరకాలంటే నాకు ఇరవై రెండు రావాలి. వేరే దారి లేదు. డాక్టరమ్మని అడిగాను, “ఏం చేత్తే ఒత్తిడి పెరుగుతాదండీ?”

“మీరు అస్సలు చెయ్యకూడనివి చెబుతాను, గుర్తు పెట్టుకోండి. తలకిందులుగా నిలబడకూడదు. బిగుతు కాలరు వద్దు. సన్నాయి, బూరా లాంటివి గట్టిగా ఊదకూడదు.”

గుర్తు పెట్టుకున్నాను.

మా బావమరిది ముత్యాలు పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్టు వాయిస్తాడు. ఆ ఆదివారం వాడి క్లారినెట్టు తీసుకుని పెరట్లో ఊదడం మొదలెట్టాను. మొదటి ఊదుడికి వీధిలో కోళ్ళు చెదిరిపోయాయి. రెండో ఊదుడికి పక్కింటి వాళ్ళు ఎవరో పోయారనుకుని చూడ్డానికి వచ్చారు.

“బావా, దాన్ని వాయించాలి గాని చంపకూడదు,” అన్నాడు ముత్యాలు.

“నాకు పాట అక్కర్లేదురా. ఒత్తిడి కావాలి.”

“ఏటయ్యా నీకీ పిచ్చి! డాక్టరమ్మ వద్దన్నవన్నీ ఏరేరి చేత్తన్నావు,” అంది నూకరత్నం, చేతిలో చేట అలాగే పట్టుకుని.

“మందు కావాలంటే ముందు జబ్బు పెంచుకోమన్నారే. ఆసుపత్రోళ్ళే చెప్పేరు.”

మా ఆవిడ చేట కింద పెట్టి కాసేపు ఆలోచించింది. “అలాగైతే మా పెద్దన్నయ్య పెళ్ళి కోటు పెట్టెలో ఉంది. మెడకి కట్టే గుడ్డతో సహా. ఎక్కించు,” అంది.

మర్నాడు జీపు వచ్చేసరికి నేను కోటు వేసుకుని, టై ఊపిరాడనంత బిగించి, చేతిలో క్లారినెట్టుతో సిద్ధంగా ఉన్నాను. జీపులో దారంతా ఊదాను. ఆసుపత్రి గేటు దగ్గర నా టై కత్తిరించారు, క్లారినెట్టు జప్తు చేశారు. మిషను ముందు కూర్చునేసరికి అన్నీ చల్లారిపోయి పదమూడు వచ్చింది. ఒక్క పాయింటు పెరిగినందుకు సూపరింటెండెంటు గారు నొచ్చుకుని నాకు కొబ్బరినీళ్ళు పట్టించారు.

ఇంక మిగిలింది ఒకటే. మిషను గది ముందున్న వరండాలో గోడకి ఆనుకుని తలకిందులుగా నిలబడ్డాను. క్లారినెట్టు కోసం వెంట వచ్చిన ముత్యాలు కాళ్ళు పట్టుకున్నాడు. కళ్ళు ఉబ్బి, చెవుల్లో హోరు మొదలైంది. అప్పుడు దిగి మిషను దగ్గరికి పరిగెత్తాను. పద్నాలుగు. మళ్ళీ నిలబడి, మళ్ళీ పరిగెత్తాను. పద్నాలుగే. కాళ్ళు నేల తాకిన మరుక్షణం నా కంట్లో పీడనం మర్యాదగా తన చోటుకి వెళ్ళిపోతోంది.

“నన్ను అలాగే తలకిందులుగా కొలవండి బాబూ!” అన్నాను గాలి కొట్టే ఉద్యోగితో.

“మిషన్ను తలకిందులు చెయ్యడానికి ప్రొవిజను లేదండి,” అన్నాడతను, నిజంగా బాధపడుతూ.

మూడోసారి నిలబడి ఉండగా సూపరింటెండెంటు గారి బూట్లు నా మొహం ముందు ఆగాయి. ఆయన నన్ను వదిలేసి, ముత్యాలుతో అన్నారు: “ఈ నేత్రములు జిల్లా ఆస్తి. వీటిని తలకిందులు చేయుట ప్రభుత్వ ఆస్తికి నష్టము కలిగించుటగా పరిగణింపబడుతుంది.”

“అయితే ఆస్తికి మందెయ్యండి సార్,” అన్నాడు ముత్యాలు, నా కాళ్ళు వదలకుండా. వాడు మొరటువాడే గాని, ఆ మాటకి నాకు వాడిని కావలించుకోవాలనిపించింది. ఆ భంగిమలో కుదరలేదు.

ఆ సాయంత్రమే నన్ను ‘ఆదర్శ నేత్రం’గా ప్రకటించారు. అలాగైతే నేను తలకిందులు కానని వాళ్ళ నమ్మకం. ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. నా మొహం పక్కన ‘ఈ కన్నును చూడు, ఇలా జీవించు’ అని అక్షరాలు. రేవు దగ్గర కట్టిన ఫ్లెక్సీని రెండో సరంగు నాకు గర్వంగా చూపించాడు. దాన్ని చూసి ఇంటికి తిరిగి వస్తూ, కుడి పక్కనున్న ఆ ఫ్లెక్సీ కర్రకే గుద్దుకుని పడ్డాను. నుదుటి మీద బొప్పి కట్టింది. అటుగా పోతున్నవాళ్ళు ఫ్లెక్సీలో ఉన్నది నేనేనని గుర్తుపట్టి చప్పట్లు కొట్టారు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ రాత్రి అన్నం తింటుంటే నూకరత్నం పక్కనుంచి మజ్జిగ గ్లాసు అందించింది. నాకు గ్లాసూ కనపడలేదు, ఆవిడ చెయ్యీ కనపడలేదు. గాల్లో తడుముకుంటున్న నా చేతిని ఆవిడ పట్టుకుని గ్లాసు దగ్గరికి చేర్చింది. నాకు చాలా భయం వేసింది. గోదావరి కనపడకపోతే పోనీ, ఈ మనిషి మొహం కూడా కనపడకుండా పోతుందా అని ఏడుపొచ్చింది. మర్నాడు డాక్టరమ్మ మళ్ళీ తెల్లగిన్నె పరీక్ష చేసి, చూపు ఇంకొంచెం కుంచించుకుపోయిందని చెప్పింది.

“బీపీ మాత్ర మార్చాం కాబట్టి కొంత నయం. కానీ చుక్కలు ఆలస్యం చెయ్యకూడదు. ఇంక ఒక్కటే దారి. నిబంధన సడలించే అధికారం సంచాలకులు గారికే ఉంది. తనిఖీ రోజున మిమ్మల్ని వేదిక మీద సన్మానిస్తారు. అక్కడ ఆయన్నే అడగండి. నేను పక్కనుంటాను.”

రాష్ట్ర నేత్రపీడన సంచాలకులు శ్రీ పరాంకుశరావు గారు మేళతాళాలతో వచ్చారు. మేళంలో సన్నాయి ఊదేవాళ్ళని పీడన కారణంగా తీసేసి, డోళ్ళు మాత్రం ఉంచారు. పలక మీద పద్నాలుగున్నర వెలుగుతోంది. దానికోసం ముందు రోజు నా కంట్లో కొట్టిన గాలికి రెండు సైకిలు ట్యూబులు నిండేవి.

వేదిక మీద సూపరింటెండెంటు గారు నాకు శాలువా కప్పి మైకు అందించారు. రెండు ముక్కలు చెప్పమన్నారు. నేను సంచాలకులు గారి వైపు తిరిగాను.

“అయ్యా, ఈ శాలువా మీరే ఉంచుకోండి. నాకో చుక్కల సీసా ఇప్పించండి. నా కంట్లో ఒత్తిడి లేదు గాని, రక్తం ఆడక చూపు పోతంది. ఇదిగో, మీ పక్కన ఎవరున్నారో నాకు కనపడతా లేదు. నా భార్య మొహం చూసుకునే పాటి చూపైనా నాకు మిగల్చండయ్యా.”

సంచాలకులు గారు చల్లగా నవ్వారు. ఆయన మంచి మనిషి. నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, పక్కనున్న పూలదండల స్టాండు మీద వేశారు.

“సోదరా, మీరు జిల్లా సాధించిన విజయం. విజయమునకు మందు ఇచ్చినచో, అది రోగమని మనమే అంగీకరించినట్లగును. ప్రభుత్వము రోగములకు మాత్రమే చికిత్స చేయును.”

“సార్, నరం పరీక్ష ఫలితాలు చూడండి...” అంది డాక్టరమ్మ.

“నరము తరువాత. ముందు నంబరు,” అన్నారాయన. చప్పట్లు మోగాయి. “అంతేకాదు. అధికారులు ప్రజలకు ఆదర్శంగా ఉండాలి. ఇప్పుడు మీ అందరి ఎదుట నా పీడనమును కూడా కొలిపించుకుంటాను.”

మిషన్ను వేదిక మీదికి మోసుకొచ్చారు. కెమెరాలు దగ్గరికి చేరాయి. సంచాలకులు గారు గడ్డం ఆనించారు. గాలి కొట్టారు. మిషను చిన్నగా కూసింది. గాలి కొట్టిన ఉద్యోగి మొహం తెల్లబోయింది. రెండో కన్ను కొలిచాడు. మళ్ళీ కూసింది.

ముప్పై నాలుగు. రెండు కళ్ళూ.

డాక్టరమ్మ ముందుకొచ్చింది. “సార్, ఇది చాలా ఎక్కువ. మీకు తెలియకుండానే నరం పోతూ ఉండొచ్చు. ఇవాళే మందు మొదలెట్టాలి.”

సూపరింటెండెంటు గారు ఆవిడకీ సంచాలకులు గారికీ మధ్య గోడలా నిలబడ్డారు. “మిషను ఆనందాతిరేకములో ఉన్నది సార్. తమరు ఒక్క నిమిషము కూర్చోండి.” తర్వాత ఉద్యోగి వైపు తిరిగి పళ్ళు బిగించి అన్నారు: “చెరిపెయ్.”

“చెరపడం కుదరదు సార్. రాజధానికి వెళ్ళిపోయింది. ఈ నంబరు ఎవరిదో పేరు మాత్రం అడుగుతోంది.”

సూపరింటెండెంటు గారి కణతలు కొట్టుకోవడం నాకు సూటిగా కనపడింది. ఎదురుగా ఉన్నవి ఇంకా కనపడుతున్నాయి నాకు. సంచాలకులకి ముప్పై నాలుగు ఉండడమంటే ఉత్తర్వు జారీ చేసిన కన్నే ఉత్తర్వుని ఉల్లంఘించడం. సూపరింటెండెంటు గారు చుట్టూ చూశారు. చూపు నామీద ఆగింది. పుణ్యాత్ముడు, ఆ ఒక్కసారి నన్ను సరిగ్గా చూశారు.

“కామేశు గారి పేరు కొట్టు,” అన్నారు.

వెంటనే నన్ను కూర్చోబెట్టి గాలి కొట్టారు. పన్నెండు. దానికి సంచాలకులు గారి పేరు తగిలించారు. మైకులో సూపరింటెండెంటు గారి గొంతు మోగింది: “గౌరవనీయ సంచాలకుల వారి నేత్రపీడనం పన్నెండు!” డోళ్ళు వాయించారు. సంచాలకులు గారు లేచి నిలబడి అందరికీ నమస్కరించారు, అందరూ ఉన్న వైపుకి కాస్త పక్కగా.

నా శాలువా అక్కడికక్కడే లాగేశారు. ఆదర్శ నేత్రం బిరుదు రద్దయింది. ముప్పై నాలుగు ఉన్న మనిషిని వేదిక మీద ఉంచడం క్షేమం కాదని ఇద్దరు నన్ను దింపారు. దింపుతుండగానే కిందనున్న కంప్యూటరు దానంతటదే చీటీ కొట్టింది. రెండు కళ్ళకీ చుక్కల మందు, బతికినంత కాలం, ఉచితం. అడ్డుకునే అధికారం ఎవరికీ లేదు.

డాక్టరమ్మ ఆ చీటీ చించి నా చేతిలో పెట్టింది. నూకరత్నం మందుల కిటికీ దగ్గరికి పరిగెత్తి సీసా తెచ్చింది. అక్కడే బల్లమీద నన్ను పడుకోబెట్టి మొదటి చుక్క వేశారు. చల్లగా, కొంచెం మంటగా ఉంది. నేను గట్టిగా నవ్వేశాను. ముత్యాలు జప్తు నుంచి క్లారినెట్టు విడిపించుకుని, నిషేధమని తెలిసీ, ఆసుపత్రి వసారాలో పెళ్ళి పాట ఎత్తుకున్నాడు.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. “మరి ఆ పెద్దాయనో?” అంది.

నాకు సిగ్గేసింది. నా చేతిలోని సీసా ఆయన కళ్ళ నంబరు మీద వచ్చింది. బయటికి పరిగెత్తాం. సంచాలకులు గారు కారు దగ్గరికి నడుస్తున్నారు. దారికి ఎడమ పక్క వరసగా పూలకుండీలు పెట్టారు. మొదటిదానికి ఆయన కాలు తగిలింది. ఆగి, కుండీని కోపంగా చూసి, రెండు అడుగులు వేసి రెండోదానికి తగిలారు.

“ఎవరు పెట్టారివి, అధికారులు నడిచే దారిలో?” అని గద్దించారు. కుండీలు దారిలో లేవు. మా అందరికీ కనపడుతూనే ఉన్నాయి. నాక్కూడా, తిన్నగా చూస్తున్నాను గనక, కనపడుతున్నాయి.

కారు కిటికీ దగ్గర వంగి చెప్పాను. “అయ్యా, ఆ ముప్పై నాలుగు మీదండి. నాది పన్నెండు. పేర్లు మార్చేసేరు. మీ కళ్ళు పోతన్నాయండి. డాక్టరమ్మ ఇక్కడే ఉంది, ఒక్కసారి దిగండయ్యా.” సీసా కిటికీలోంచి ఆయన చేతికి అందించబోయాను. డాక్టరమ్మ కూడా వచ్చి అదే చెప్పింది.

ఆయన సీసా చూసి, జాలిగా తల ఊపారు. “సోదరా, మీరు ముప్పై నాలుగులో ఉన్నారు. మీ మాటలలోనే తెలుస్తున్నది. ముందు మీ కళ్ళ సంగతి చూసుకోండి.” అద్దం పైకి లేచింది. కారు వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ రాజధానికి మూడుసార్లు ఫోను చేసింది. సంచాలకులు గారి పీడనం పన్నెండని రికార్డులో ఉందని, ఆరోగ్యవంతులకి ఫోన్లు చేసి భయపెట్టవద్దని సమాధానం వచ్చింది. నేను రెండు పూటలా చుక్కలు వేసుకుంటున్నాను. మొన్న తెల్లగిన్నె పరీక్షలో చూపు తగ్గలేదు. పోయింది రాలేదు, ఉన్నది ఉంది. నూకరత్నం మజ్జిగ గ్లాసు ఇప్పుడు తిన్నగా నా ముందుకు తెచ్చి ఇస్తోంది. గ్లాసు వెనకాల ఆవిడ మొహం నాకు బాగానే కనపడుతోంది.

ఈ వారం రాజధాని నుంచి కొత్త ఉత్తర్వు వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది. రాష్ట్రంలోని ఆసుపత్రులన్నిటిలో ఎడమ పక్కనున్న పూలకుండీలు తొలగించారు. తర్వాత బల్లలు తొలగించారు. ఇప్పుడు వరండాల్లో ఎడమ వైపు స్తంభాలు అధికారుల రాకపోకలకి అడ్డు వస్తున్నందున వాటిని కూడా పడగొట్టాలట. నిన్న మా ఆసుపత్రికి మేస్త్రీలు వచ్చి కొలతలు తీసుకుని వెళ్ళారు. నా కంటికి మందు వేస్తున్నారు. ఆయన కంటికి స్తంభాలు తీసేస్తున్నారు.